గుత్త కూలీ, గరిష్ఠ వేతనమూ

డబ్బు కావాలా, గెలుపు కావాలా అని ఆటగాణ్ణి నిలదీయడం ఇటీవల ఒక పరిపాటి అయిపోయింది. అడిగేవారు సాధారణంగా ఆ డబ్బు ఇచ్చేవారు కారు, ఆ గెలుపు కోసం మోకాళ్ళు విరగ్గొట్టుకునేవారూ కారు. పత్రికలలో వ్యాఖ్యానాలు రాసేవారు, టెలివిజన్ ముందు కూర్చుని చూసేవారు. నేను ఆ రెండో కోవకు చెందినవాణ్ణి. అయినా ఈ ప్రశ్న వేసే తీరులోనే ఏదో కిటుకు వుందని నాకు చాలాకాలంగా అనుమానం. దాన్ని కొంత విప్పి చూద్దామని ఈ ప్రయత్నం.

ప్రశ్న ఈ రూపంలో బాగా వినిపించేది అమెరికా బాస్కెట్‌బాల్‌లో. 2024 జూలైలో న్యూయార్క్ నిక్స్ ఆటగాడు జేలెన్ బ్రన్సన్ నాలుగేళ్ళకు 15 కోట్ల 65 లక్షల డాలర్లకు ఒప్పుకున్నాడు. ఒక్క ఏడాది ఓపిక పడితే ఐదేళ్ళకు 26 కోట్ల 90 లక్షల దాకా తీసుకునే అవకాశం అతనికి వచ్చేది. తేడా 11 కోట్ల పైచిలుకు. (అందులో అదనపు ఏడాది జీతం కూడా కలిసివుందనే సంగతి పొగిడేవారు చెప్పలేదు.) జట్టులోకి మంచి ఆటగాళ్ళను తెచ్చుకునే వీలు కల్పించాడని అతన్ని ఆకాశానికెత్తారు. మరుసటి ఏడాది నిక్స్ తమ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. 2000 తరువాత ఆ జట్టు అంత దూరం రావడం అదే మొదలు. చూశారా, త్యాగానికి ఫలం అన్నారు.

ఐతే త్యాగం అనే మాటకు ముందు ఒక హద్దు వుండాలి గదా. హద్దు వుంటేనే దానికి ఇంత తక్కువ తీసుకున్నాడని లెక్క కట్టగలం. ఆ హద్దును ఎవరు గీశారు? 1984-85లో ఒక్కొక్క జట్టు జీతాల మొత్తానికి 36 లక్షల డాలర్ల పరిమితి పెట్టారు. అది జట్టుకు హద్దు, మనిషికి కాదు. సొంత ఆటగాణ్ణి నిలుపుకోవడానికి జట్టు ఆ హద్దు దాటవచ్చుననే వెసులుబాటు కూడా వుంది. దానివల్ల 1997-98లో జట్టు పరిమితి 2 కోట్ల 69 లక్షలు కాగా మైకేల్ జోర్డాన్ ఒక్కడి జీతమే 3 కోట్ల 30 లక్షలు దాటింది. ఆ ముందే, 1997లో, మిన్నెసోటా జట్టు ఇరవయ్యొక్కేళ్ళ కెవిన్ గార్నెట్‌కు ఆరేళ్ళకు 12 కోట్ల 60 లక్షలు రాసియిచ్చింది. యజమానులు బెంబేలెత్తారు. 1998 జూలై 1న లాకౌట్ ప్రకటించారు. ఆజంజాహి మిల్లు ఒకప్పుడు నడిచిన వరంగల్ ప్రాంతంలో లాకౌట్ అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర లేదు. 1999 జనవరిలో గాని తలుపులు తెరుచుకోలేదు. ఆ ఏడాది 82 ఆటల బదులు 50 ఆడారు. ఆ రాజీలో పుట్టిందే మనిషికి గరిష్ఠ వేతనం. ఎన్నేళ్ళ అనుభవం వుంటే జట్టు పరిమితిలో ఎన్నో వంతు అనే లెక్క. తరువాత అది నూటికి 25, 30, 35 అని స్థిరపడింది.

అంటే, యజమానులు గేట్లు మూసి సంపాదించుకున్న హద్దు అది. పాతికేళ్ళు గడిచాక అదే హద్దు ఆటగాడి శీలానికి కొలబద్ద అయింది. హద్దు దాకా అడిగినవాడు ఆశపోతు, దానికి దిగువన ఆగినవాడు సజ్జనుడు.

యజమాని జేబును తిట్టి వూరుకుంటే మాత్రం ఇది సగం మాటే అవుతుంది. ఆ లీగులో మొత్తం ఆదాయంలో ఆటగాళ్ళందరి వాటా సుమారు సగం అని 2011 నుంచి ఒప్పందంలో వుంది. అంచేత ఒక పెద్ద ఆటగాడు వదిలిన సొమ్ము మొత్తం మీద తోటి ఆటగాళ్ళకే చేరుతుందని వాదించవచ్చు. అందులో నిజం వుంది. టిమ్ డంకన్ 2012లో తన జీతాన్ని 2 కోట్ల 10 లక్షల నుంచి కోటికి లోపుకు తగ్గించుకున్నాడు. 2014లో అతని శాన్ ఆంటోనియో జట్టు విజేత అయింది. ఆ జట్టులో బంతి ఒక చేతిలో నిలిచేది కాదు. చూసినవారికి గుర్తుండే వుంటుంది.

మరి జేమ్స్ హార్డెన్ సంగతి? 2022లో అతను ఫిలడెల్ఫియాలో తనకు రావలసిన 4 కోట్ల 70 లక్షలు కాదని సుమారు 3 కోట్ల 30 లక్షలకు సంతకం చేశాడు. మిగిలిన జాగాలో తోటి ఆటగాళ్ళను తెచ్చారు. ఏడాది దాటగానే, 2023 ఆగస్టులో, చైనాలో ఒక సభలో ఆ క్లబ్బు అధ్యక్షుణ్ణి అబద్ధాలకోరని బాహాటంగా అన్నాడు. ఎవరి మాట నిజమో మనకక్కర లేదు. కాగితం మీద తీసుకున్న డబ్బుకు కోర్టు వుంది, మాట మీద వదిలిన డబ్బుకు లేదు. ఇక జేలెన్ బ్రౌన్ అనే ఆయన 2023లో ఐదేళ్ళకు 30 కోట్ల 40 లక్షలు, తనకు వీలైనంతా, ఒక్క డాలరు వదలకుండా రాయించుకున్నాడు. మరుసటి జూన్‌లో అతని బోస్టన్ జట్టే గెలిచింది. త్యాగం చేస్తే గెలుస్తారు, చెయ్యకపోతే ఓడతారు అనే పురాణ న్యాయం అక్కడ పని చెయ్యలేదు.

నేను వుండేది చిట్యాల. నల్లగొండ దారిలో బస్సు ఆగే చిట్యాల కాదు, భూపాలపల్లి జిల్లా చిట్యాల. మా దగ్గర బాస్కెట్‌బాల్ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. మాకు తెలిసింది కబడ్డీ. కబడ్డీకి 2014లో ప్రో లీగు వచ్చింది, దానితో వేలం వచ్చింది. మన పేరు పెట్టుకున్న జట్టు తెలుగు టైటాన్స్. 2023 అక్టోబరులో ఆసియా క్రీడల్లో భారత జట్టుకు నాయకుడుగా బంగారు పతకం తెచ్చిన పవన్ సెహ్రావత్‌ను రెండు మూడు రోజుల తేడాలో ఈ జట్టు 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకుంది. జట్టు మొత్తానికి ఖర్చు పెట్టదగిన సొమ్ము 5 కోట్లు. సగానికి పైగా ఒక్క మనిషికి పోయింది. మిగిలిన సగంలో తక్కిన జట్టంతా. ఆ సీజన్‌లో టైటాన్స్ రెండే ఆటలు గెలిచి అట్టడుగున మిగిలింది. అతను బాగా ఆడలేదా అంటే, ఆడాడు. కూతకు వెళ్ళి పాయింట్లు తెచ్చాడు. తెచ్చినవన్నీ అవతల పట్టు నిలవక కారిపోయాయి.

కబడ్డీలో ఒక నియమం నాకు చాలా ఇష్టం. కూతకు వెళ్ళినవాడు ఒకణ్ణి తాకి వస్తే, బయట కూర్చున్న తన జట్టువాడొకడు బతికి లోపలికి వస్తాడు. ఒకడి పాయింటు ఇంకొకడి ప్రాణం. ఐతే లోపలికి వచ్చినవాడికి పట్టు తెలియకపోతే బతికి ఏం లాభం? పట్టుకు వచ్చేసరికి అన్యాయం ఇంకొకటి వుంది. చెయ్యి చెయ్యి కలిపి గొలుసు కట్టి నలుగురు ఆపితే, లెక్కల పట్టీలో పాయింటు పడేది ఒక్కడి పేర. గొలుసులో నిలబడ్డవాడి పేరు ఏ పట్టీలోనూ వుండదు, అందువల్ల వేలంలో అతనికి ధరా వుండదు.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా అదే ఏడాదిది. అదే వేలంలో ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయిని పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలకు కొన్నది. 2024 మార్చి 1న మన గచ్చిబౌలిలోనే జరిగిన ఫైనల్లో విజేత ఆ జట్టే. అంటే పెద్ద ధర దానంతటది జట్టును ముంచదు. పుణేవాళ్ళ దగ్గర అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ వంటి కుర్రాళ్ళు అప్పటికే కలిసి ఆడి వొకరి అడుగు వొకరికి తెలిసినవాళ్ళు. వాళ్ళ మధ్య ఒక మూలన ప్రధానంగా పట్టుకు ఆ ఖరీదైన మనిషిని నిలిపారు. టైటాన్స్ కొన్నది మొత్తం ఆటను మోసే మనిషిని. మోత పని ఒకడికి అప్పగించాక, తక్కినవాళ్ళు చేతులు వూపుకుంటూ నడవడం వాళ్ళ తప్పు కాదు.

2022లో ఇదే పవన్ తమిళ్ తలైవాస్‌కు 2 కోట్ల 26 లక్షలకు వెళ్ళి, మొదటి ఆటలోనే మోకాలు దెబ్బ తిని సీజనంతా బయట కూర్చున్నాడు. నరేందర్ అనే కొత్త కుర్రాడు కూత అందుకున్నాడు. ఆ జట్టు మొదటిసారి సెమీఫైనల్ చేరింది. 2025లో అతణ్ణి అదే తమిళ జట్టు 59 లక్షల 50 వేలకు తీసుకుంది. అతను లేని టైటాన్స్ విజయ్ మాలిక్ నాయకత్వాన చాలా ఏళ్ళకు నాకౌట్ ఆటలకు వెళ్ళి, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణే చేతిలో ఓడింది. ఈ అంకెలు చూసి ఒక మనిషిని ఎగతాళి చెయ్యడం సులభం. మా టీ హోటల్లో చేశారు కూడా. కాని రెండేళ్ళలో రెండున్నర కోట్ల నుంచి అరవై లక్షలకు దిగిన ధరలో అతని నిర్ణయం ఎంత? వేలంలో మనిషి పీట మీద కూర్చోడు, అంతే తేడా. ఏ జట్టుకు పోవాలో, తన పాత్ర ఏమిటో అతను చెప్పలేడు. తక్కువ తీసుకుని పాతవాళ్ళతోనే వుంటానంటే వినే నాథుడు లేడు. అమెరికావాడు తూచుకోవడానికి తక్కెడైనా వుంది. ఇక్కడ ఆటగాడే తక్కెడలో వున్నాడు.

క్రికెట్‌లో ఆ వీలు కొంచెం వుంది. 2024 అక్టోబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐదుగుర్ని 75 కోట్లకు నిలుపుకున్నది: క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్ శర్మ 14, ట్రావిస్ హెడ్ 14, విశాఖపట్నం కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి 6. కూడి చూడండి, సరిగ్గా 75. నితీష్ అంతకు ముందు 20 లక్షలకు ఆడినవాడు. వేలానికి పోతే ఆరుకన్నా బాగా ఎక్కువ పలికేవాడని అప్పుడు చాలామంది అన్నారు. వుండిపోయాడు. 2025లో జట్టు ఆరో స్థానంలో ఆగింది. వుండిపోయినందుకు అతనికి నష్టమా లాభమా అని నేను తేల్చబోను. మొదటివాడి ఇరవైమూడు ఐదోవాడి ఆరుతో కలిస్తేనే లెక్క సరిపోయిందనే సంగతి మాత్రం కళ్ళ ముందు వుంది.

ఇవన్నీ కోట్ల కబుర్లు. క్రిందటి శివరాత్రికి ముందు మా వూరి జట్టు కుర్రాడొకడు నా దగ్గరకు వచ్చాడు. మొదటి కూత అతనిదే. పక్క మండలంలో ఒక కాంట్రాక్టరు పోషించే జట్టు అతన్ని పిలిచింది. టోర్నమెంటుకు మూడు వేలు, తిండి, రానుపోను ఖర్చులు. ఇక్కడైతే బహుమతి వస్తే అందరూ సమంగా పంచుకుంటారు, రాకపోతే బస్సు కిరాయి చేతినుంచే.

"ఈడుంటే నేనే ముందుగాల కూతకు పోత సార్. ఆడ ఇద్దరున్నరు నాకన్న పెద్దోళ్ళు. బెంచి మీద కూసోవెడుతరు. కని మూడు వేలు చేతిల పడుతయి."

"మరి మనోళ్ళు?"

"మనోళ్ళు తిడుతరు. తిట్టినంక ఫీజు ఎవలు కడుతరు సార్?"

కాలేజీ ఫీజు సంగతి. దానికి నా దగ్గర జవాబు లేదు. వూరి గౌరవం, జట్టు స్ఫూర్తి అని ఉపన్యాసం ఇవ్వడానికి నోరు రాలేదు. అతను వెళ్ళాడు. బెంచి మీదే ఎక్కువ కూర్చున్నాడని విన్నాను. ఇక్కడ ఇంటర్ చదివే పిల్లవాడొకడు మొదటి కూతకు దిగి, ఒక ఆట ఓడగొట్టి, తరువాతి ఆట గెలిపించాడు. మనవాడు అమ్ముడుపోయాడని కొందరు పెద్దలు అరుగు మీద కూర్చుని అన్నారు. ఆ పెద్దలలో ఒకాయన నిరుడు పత్తి కిలోకు రూపాయి ఎక్కువ వస్తుందని తెలిసిన వ్యాపారిని వదిలి వేరే చోట అమ్మినవాడే. నేను గుర్తు చెయ్యలేదు.

జట్టు అంటే ఏమిటో నాకు ఏమైనా తెలిసివుంటే అది ఆటస్థలంలో తెలిసింది కాదు, పొలం గట్టు మీద నిలబడి తెలుసుకున్నది. మా వైపు ఆడవాళ్ళు రెండు రకాల కైకిలి చేస్తారు. పత్తి ఏరడం కిలో లెక్క. వరి నాట్లు గుత్త లెక్క. మనుషులు వాళ్ళే, వూరు అదే, చేతులు అవే. కాని పత్తి చేనులో చూసిన మనిషినీ నాటుమడిలో చూసిన మనిషినీ ఒకరని గుర్తుపట్టడం కష్టం.

పత్తి చేనులో ఎవరి సాలు వారిది. సాయంత్రం కాంటా మీద ఎవరి మూట వారిది. చెయ్యి చురుకైనది మందకొడి చేతికి రెట్టింపు ఏరుతుంది, రెట్టింపు తీసుకుంటుంది. న్యాయమే. ఐతే బాగా విచ్చిన సాలు కోసం తెల్లారకముందే పరుగు. సగం విచ్చిన కాయ దగ్గర ఎవరూ ఆగరు, దానికి బరువు రాదు. పక్కామెకు కళ్ళు తిరిగి కూర్చుంటే నీళ్ళు ఇస్తారు గాని, ఆమె సాలు ఎవరూ ఏరరు. మాటలు కూడా తక్కువ. కిలో లెక్కలో మాటకు కూలి పడదు.

గుత్త అట్లా కాదు. ఎకరానికి ఇంత అని రైతుతో మాట్లాడుకుని పది పన్నెండు మంది ఒక గుంపుగా దిగుతారు. వచ్చింది సమంగా పాళ్ళు. ఎంత తొందరగా ముగిస్తే అంత తొందరగా ఇంకో మడి. అంచేత ఎవరి చెయ్యి జాప్యమైనా అది అందరి జాప్యమే. పక్కామె చెయ్యి చాచి ఆమె పాలు నాలుగు కుదుళ్ళు తనే నాటేస్తుంది. నడుము వంగని ఒకామె నారు కట్టలు అందిస్తుంది. ఆమె ఒక్క కుదురు కూడా నాటదు, పాలు మాత్రం సమానం. ఎందుకంటే కట్ట అందాల్సిన చోట అందకపోతే పదకొండు మంది చేతులు ఆగుతాయి. ఈ సంగతి వాళ్ళకు ఎవరూ గణాంకాలు వేసి చెప్పలేదు. కబడ్డీలో గొలుసు పట్టినవాడికి ఏ పట్టీలోనూ దొరకని పాయింటు ఇక్కడ కట్టలు అందించే ఆమెకు దొరుకుతోంది.

గుత్తను స్వర్గంగా చూపించడం నా వుద్దేశం కాదు. ఎకరం ధర రైతుతో తెగకొట్టేటప్పుడే సగం న్యాయం తేలిపోతుంది. దాన్ని తగ్గించి, తగ్గిన దాన్ని మీలో మీరు సమంగా పంచుకోండి అనడంలో రైతుకు పోయేది ఏమీ లేదు. పంపకం ఎంత ధర్మంగా వున్నా పంచేది ఎంత అనే ప్రశ్న దానికి వెలుపల వుంటుంది. ఇంకొకటి, సమాన పాలు అనేది గుంపులో వున్నవాళ్ళకే. ఎవరు గుంపు, ఎవరు కారు?

మా జిల్లా కేంద్రం భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. ఆ సంస్థ లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మంచి సంప్రదాయం. 2024 సెప్టెంబరులో 796 కోట్లు పంచుతామని ప్రకటించారు. సుమారు 42 వేల మంది పర్మనెంటు కార్మికులకు సగటున లక్షా 90 వేలు. ఆ ఏడాది మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చారు: సుమారు 25 వేల మందికి, తలకు 5 వేలు. మొదటిసారి ఇచ్చారన్నది నిజం, సంతోషించాలి. ఒకే బొగ్గు మీద పని చేసే ఇద్దరి మధ్య ముప్పై ఎనిమిది రెట్లు తేడా వుందన్నదీ నిజం. గొలుసులో నిలబడి పట్టీలో పేరు లేనివాడు కబడ్డీలోనే కాదు, గని దగ్గరా వున్నాడు.

నాట్ల గుంపులోనూ ఈ ప్రశ్న వస్తుంది. కట్టలు అందించే ఆమెకు వయసు మీరింది. క్రిందటి వానాకాలం నాట్లు మొదలయ్యే ముందు, ఈసారి ఆమెను తీసుకోవాలా అని గుంపులో వాదన జరిగింది. మడిలో కాలు జారితే లేవడానికే సేపు పడుతోందని, ఆమె స్థానంలో వయసు పిల్ల వస్తే రోజుకు అర ఎకరం ఎక్కువ సాగుతుందని ఒకరిద్దరు అన్నారు. అందులో అబద్ధం లేదు. ఇన్నేళ్ళు మనతో చేసిన మనిషి, ఎట్లా తీసేస్తామని ఇంకొందరు. చివరికి ముప్పావు పాలుకు ఒప్పందం కుదిరింది. అమెరికాలో వయసు మళ్ళిన ఆటగాళ్ళు ఒక్కసారైనా గెలిచే జట్టులో వుండాలని కనీస వేతనానికి చేరుతుంటారు. వాళ్ళను ఎవరూ దయతో తీసుకున్నామని అనరు. ఈమెను అన్నారు.

ఆమె ఒప్పుకున్నది. మొదటి మడి ముగిసి గట్టు మీద డబ్బు పంచేటప్పుడు తన పాలు చీర కొంగున ముడి వేసుకుని, లేవకుండా అక్కడే కూర్చుని అడిగింది: "నా పావు పాలు ఎవలెవలకు పోయిందో అది గూడ చెప్పుండ్రి బిడ్డా."

గుంపు పెద్దామె కొంచెంసేపు వూరుకున్నది. తరువాత మళ్ళీ నోట్లు విప్పి, తడి చేత్తో, ఒక్కొక్కరి పేరు చెప్పి ఎన్ని రూపాయలు ఎక్కువ వచ్చాయో ఆమె ముందు లెక్క పెట్టింది. పదకొండు పేర్లు చదవడానికి చాలాసేపే పట్టింది. రెండో మడి రైతు అవతలి గట్టు నుంచి పిలుస్తూనే వున్నాడు.